ఉద్యోగం, ఖాళీ, మనసు: మా నెట్ సెంటర్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో ఆర్టీసీ కాంప్లెక్స్‌కి నడిచేంత దూరంలో మాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. మూడు కంప్యూటర్లు, ఒక జెరాక్స్ మిషను, లామినేషన్. పెట్టి పదేళ్ళు దాటింది. డీఎస్సీ, గ్రూప్స్, రైల్వే, అగ్నివీర్, ఏ నోటిఫికేషన్ పడినా కుర్రాళ్ళు వచ్చి కూర్చుంటారు. సర్వర్ తిరుగుతున్నంతసేపూ పక్క కుర్చీలోని మనిషి ఏదో ఒకటి మాట్లాడతాడు. ఫీజు దగ్గర మొదలైన మాట ఇంటి సంగతి దగ్గర తేలుతుంది. ఇన్నేళ్ళలో అవే ప్రశ్నలు చాలామంది నోట విన్నాక, జవాబులు ఒకచోట రాసి పెడదామనిపించింది.

నేను డాక్టర్ని కాదు. ఎమ్మే ఎకనామిక్స్, బీఈడీ చదివి, 2012, 2014 డీఎస్సీలు రాసి, రెండూ పోగొట్టుకుని, మధ్యలో కొన్నేళ్ళు ఇంట్లో ఖాళీగా కూర్చున్నవాణ్ణి. ఆ రోజుల్లో ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను. ఎందుకు చదివానో చెప్పక్కర్లేదనుకుంటాను.

ఖాళీగా ఉన్నవాడి బాధ డబ్బు బాధే కదా? తిండికి లోటు లేకపోతే ఇంకేటి?

పెద్దవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. "మూడు పూటలా పెడతన్నాం, బండికి పెట్రోలు పోస్తన్నాం, మరి ఈడికి బాదేటండీ?" అని ఒకాయన కొడుకు పక్కన ఉండగానే అడిగారు.

మా నాన్న విజయనగరం వైపు ఒక జూట్ మిల్లులో పనిచేసేవారు. నేను హైస్కూల్లో ఉండగా మిల్లు లాకౌట్ అయింది. గేటుకి ఒక కాగితం అంటించారు, అంతే. మాకు తిండికి ఇబ్బంది రాలేదు. అమ్మ అడ్డాకులు కుట్టింది, పెద్ద మావయ్య బియ్యం బస్తా వేయించాడు. నాన్నకి మాత్రం ఏదో అయింది. మొదటి నెలంతా పొద్దుటి 'ఏ' షిఫ్టుకి లేచినట్టే చీకటితో లేచి, స్నానం చేసి, సైకిలు తుడిచి, చైనుకి నూనె వేసి, అరుగు మీద కూర్చునేవారు. ఎనిమిదింటికి మిల్లు గేటు దాకా వెళ్ళి వచ్చేవారు. రెండో నెలలో సైకిలు తుడవడం మానేశారు. నాలుగో నెలకి వెనక టైరులో గాలి లేదు. పంపు ఎక్కడో లేదు, తలుపు వెనకే ఉంది. సంక్రాంతి దాకా ఆ సైకిలు గోడకి అలాగే ఒరిగి ఉంది.

చాలా ఏళ్ళ తర్వాత ఎమ్మేలో ఉండగా ఆస్ట్రియాలో మారియెంటాల్ అనే ఊరి గురించి చదివాను. ఊరంతా ఒక బట్టల మిల్లు మీద బతికేది. 1930 ప్రాంతంలో ఆ మిల్లు మూతపడింది. మారీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు తమ జట్టుతో అక్కడికి వెళ్ళి, 478 కుటుంబాలను దగ్గర్నుంచి చూసి, 1933లో అచ్చు వేశారు. ఖాళీ దొరికింది కాబట్టి జనం ఎక్కువ చదువుతారు, నలుగురినీ ఎక్కువ కలుస్తారు అనుకుంటాం కదా. అక్కడ దానికి తలకిందులుగా జరిగింది. లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకెళ్ళడం రెండేళ్ళలో దాదాపు సగానికి పడిపోయింది. మగవాళ్ళు వీధిలో మెల్లగా నడుస్తూ, మధ్యలో ఊరికే ఆగిపోయేవారు. చాలామంది దగ్గర వాచీ కూడా ఉండేది కాదు. ఆడవాళ్ళు మాత్రం చకచకా నడిచేవారు. వాళ్ళకి పొయ్యి ఉంది, పిల్లలున్నారు, బట్టలున్నాయి. ఆ పనులకి ఎవరూ లాకౌట్ ప్రకటించరు. ఆ పేజీ దగ్గర నాకు అమ్మ కుట్టిన ఆకుల కట్టలూ, గోడకి ఒరిగిన సైకిలూ ఒకేసారి గుర్తొచ్చాయి.

యహోడా తర్వాతి రోజుల్లో దీన్ని విడదీసి చెప్పారు. ఉద్యోగం జీతం ఇస్తుంది, అది పైకి కనిపిస్తుంది. పైకి కనిపించకుండా ఇంకా కొన్ని ఇస్తుంది: రోజుకి ఒక వరస, ఇంటివాళ్ళు కాని మనుషులతో మాటామంతీ, పదిమందితో కలిసి ఏదో చేస్తున్నామన్న తలంపు, ఫలానావాడు అనే గుర్తింపు, ఊరికే కూర్చోనివ్వని పని. ఇవి మూడు పూటల అన్నంతో రావు. జర్మనీ సర్వే లెక్కలతో 1998లో వింకెల్‌మన్ అనే ఇంటిపేరున్న ఇద్దరు ఆర్థికవేత్తలు కూడా ఇదే తేల్చారు. ఉద్యోగం పోయినవాడి తృప్తి పడిపోవడంలో ఆదాయం పోయిన వాటా చిన్నది, మిగతా వాటాయే పెద్దది.

కొడుకుతో వచ్చిన ఆ పెద్దాయనకి ఇదంతా చెప్పలేదు. "పెట్రోలు పోస్తన్నారు, సరే. బండెక్కి ఎక్కడికెళ్ళమంటారు?" అన్నాను. కొడుకు తల దించుకుని ఫోన్ చూసుకుంటున్నాడు.

కొన్నాళ్ళకి అలవాటైపోదా?

చాలా కష్టాలకి మనిషి అలవాటు పడతాడు. దీనికి అంతగా పడడు. జర్మనీలో సుమారు 24 వేల మందిని 15 ఏళ్ళపాటు ఏటేటా అడిగిన సర్వే ఒకటుంది. 2004లో దాని ఫలితాలు అచ్చయ్యాయి. ఉద్యోగం పోయినవాళ్ళలో జీవితం మీద తృప్తి పడిపోవడం మనం ఊహించేదే. మళ్ళీ ఉద్యోగం దొరికాక కూడా అది సగటున పాత చోటికి పూర్తిగా రాలేదు, ఆశ్చర్యం అక్కడ. విరిగిన ఎముక అతికినా చలికాలం సలుపుతుందే, అలాగ.

మన దగ్గర ఇంకో రకం ఉంది. ఉద్యోగం పోవడం సంగతి తర్వాత, మొదటి ఉద్యోగమే రాకుండా ఏళ్ళు గడవడం. 2018 డీఎస్సీ తర్వాత 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకి నోటిఫికేషన్ వచ్చి రద్దయింది. 16,347 పోస్టుల మెగా డీఎస్సీ పరీక్షలు 2025లో జరిగాయి. అంటే ఏడేళ్ళు. వయసు హద్దు 44కి పెంచారు. దానివల్ల ఎందరికో అవకాశం నిలిచింది, ఆ మాట నిజమే. నలభై రెండేళ్ళ మనిషి కూతురి చేత తన ఫొటో స్కాన్ చేయించుకోవడం కూడా ఆ సీజన్‌లో చూశాను.

పోస్టు వచ్చినవాళ్ళలో ఒకావిడ స్వీట్లు తెచ్చి ఇచ్చారు. బడిలో చేరి రెండు నెలలైనా, రాత్రి పడుకునే ముందు లిస్టులో తన నంబరు ఉందో లేదో ఫోన్‌లో చూసుకుంటున్నానని చెప్పారు.

పెళ్ళికి, చావుకి, జాతరకి వెళ్తే అందరూ "ఏటి సేస్తన్నావు?" అనే అడుగుతారు. ఏం చెప్పాలి?

మన జిల్లాల్లో ఇది ప్రశ్న కూడా కాదు, పలకరింపు. "బావున్నావా" తర్వాత వచ్చేది ఇదే. అడిగినవాళ్ళకి దురుద్దేశం ఉండదు, జవాబు వినేలోపు సాంబారు బకెట్ వైపు చూస్తుంటారు. ఖాళీగా ఉన్నవాడికి మాత్రం అదే గుచ్చుకుంటుంది. నేను రెండేళ్ళు పైడితల్లి అమ్మవారి సిరిమాను చూడ్డానికి విజయనగరం వెళ్ళలేదు. జనం తోపులాటంటే నాకు భయం లేదు. మూడు లాంతర్ల దగ్గర చుట్టాలు కనపడతారని భయం.

ఈ ప్రశ్నకి ఎంత బలముందో ఒక పరిశోధనలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అది కూడా జర్మనీదే. (వాళ్ళు ఒకే కుటుంబాన్ని దశాబ్దాల తరబడి వదలకుండా అడుగుతారు, అందుకే ఈ రంగంలో ప్రతిదానికీ జర్మనీ పేరు వస్తుంది.) చాలాకాలం ఉద్యోగం లేక, రిటైర్మెంట్ వయసు దగ్గరపడినవాళ్ళను చూశారు. 2014లో అచ్చయింది. వయసు నిండి "నిరుద్యోగి" నుంచి "రిటైర్డ్"గా మారేసరికి వాళ్ళ తృప్తి గట్టిగా పెరిగింది. రోజు గడిచే తీరు పెద్దగా మారలేదు, అదే ఇల్లు, అదే ఖాళీ. మారింది పిలుపు. ఉద్యోగంలోంచి నేరుగా రిటైరైనవాళ్ళలో అంత మార్పు లేదు.

ఇక ఏం చెప్పాలంటారా. నాకు పనికొచ్చిన పద్ధతి ఒకటుంది: చేస్తున్నది చెప్పడం. "ఖాళీగా ఉన్నాను" అన్నా, "ప్రిపేర్ అవుతున్నాను" అన్నా రెండో ప్రశ్న వస్తుంది. "పొద్దున్న పిల్లలకి ట్యూషన్ చెబుతున్నాను, సాయంత్రం చదువుకుంటున్నాను" అంటే రాదు. ట్యూషన్‌కి ఇద్దరే పిల్లలున్నా సరే, అబద్ధం మాత్రం వద్దు. ప్రైవేట్ కంపెనీలో చేస్తున్నానని చెప్పిన మా ఫ్రెండు, ఆ కంపెనీలో తమ్ముడికి కూడా ఉద్యోగం చూడమన్న చుట్టాన్ని తప్పించుకోవడానికి ఆర్నెల్లు ఆ వీధి మానేశాడు.

మా ఊళ్ళో కుర్రాళ్ళు చాలామంది ఖాళీయే. పదిమందితో పాటే కదా, అంత బాధ ఉంటుందా?

కొంత తగ్గుతుంది. ఆండ్రూ క్లార్క్ అనే ఆర్థికవేత్త బ్రిటన్ లెక్కలతో 2003లో చూపించింది ఇదే. చుట్టుపక్కల, ఇంట్లో నిరుద్యోగులు ఎక్కువగా ఉన్నచోట, ఉద్యోగం లేనివాడి మనసు కాస్త తక్కువ నలుగుతుంది. ఊరి కల్వర్టు మీద ఎనిమిది మంది కూర్చుంటే ఎవడికీ సిగ్గు ఉండదు. అయితే అదే పరిశోధనలో ఇంకో మాట ఉంది: ఉద్యోగం పోయినప్పుడు ఎక్కువ బాధపడినవాళ్ళే ఏడాది తిరిగేసరికి ఖాళీలోంచి ఎక్కువగా బయటపడ్డారు. కల్వర్టు మంచిదో చెడ్డదో నేను చెప్పలేను. రెండేళ్ళు నేనూ కూర్చున్నాను. అది లేకపోతే ఇంకా ఘోరంగా ఉండేవాణ్ణి, అది ఉండబట్టే ఇంకో ఏడాది ఆలస్యమయ్యాను.

మా అమ్మాయి బీటెక్ చదివి, పెళ్ళి చేసుకుని ఇంట్లో ఉంది. ఆమె నిరుద్యోగి కిందికి వస్తుందా?

ప్రభుత్వ లెక్కలో, పని వెతకక, దొరికితే చేయడానికి సిద్ధంగానూ లేకపోతే రాదు. 2017 నుంచి జరుగుతున్న పీఎల్ఎఫ్ఎస్ అనే సర్వే ప్రకారం నిరుద్యోగి అంటే పని లేక, పని కోసం చూస్తున్నవాళ్ళు లేదా పని దొరికితే చేయడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు. ఇంటిపనిలో మునిగి, బయట పని వెతకని, దొరికినా చేరని ఆడమనిషి ఆ లెక్కకి బయటే ఉంటుంది. 2023-24లో దేశంలో 15 ఏళ్ళు దాటినవాళ్ళలో నిరుద్యోగం 3.2 శాతం అని అచ్చయినప్పుడు, "అంత తక్కువా?" అని మా సెంటర్‌లో నవ్వారు. నవ్వడం తేలిక. ఆ అంకె అబద్ధం కాదు, అది అడిగిన ప్రశ్న వేరు. సర్వేలో గడిచిన వారాన్ని మాత్రమే చూసే లెక్క ఒకటుంది. అందులో అయితే, ఆ ఏడు రోజుల్లో ఒక్క గంట పని చేసినా పనిలో ఉన్నట్టే. ఇంట్లో నేతకో, కొట్టుకో జీతం లేకుండా సాయం చేసినా పనిలో ఉన్నట్టే. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకి, నూలు వడికే తల్లికి చేయి సాయం చేసే పిల్ల ఈ సర్వేలో ఉద్యోగస్తురాలే. కాలేజీలో ఆమెతో చదివినవాళ్ళు మాత్రం ఖాళీగా ఉందంటారు.

మీ అమ్మాయి మనసు సంగతి సర్వే చెప్పదు. ఒకటి మాత్రం చూశాను. ఇంటిపని మధ్య ఎవరికీ ఖాళీగా కనపడరు కాబట్టి ఆడపిల్లల బాధ బయటికి తెలియదు. అప్లికేషన్ పెట్టడానికి వచ్చినప్పుడు "ఇంట్లో తెలీదండీ, మెసేజ్ ఈ నంబరుకి రానివ్వొద్దు" అంటారు. ఉద్యోగం చేయాలా వద్దా అన్నది ఆమెను అడిగారా? అడిగి, వద్దంటే సరే. చాలా ఇళ్ళలో అడగరు.

పలాసలో జీడిపిక్కల పనికి వెళ్ళే ఆడవాళ్ళను చూడండి. పిక్క చమురు తగిలి వేళ్ళు నల్లబడతాయి, తొక్క ఊడుతుంది. పని తేలిక కాదు, కూలీ గొప్పది కాదు. అయినా మా పిన్ని వరస ఆవిడ ఇంట్లో కూర్చోమంటే కూర్చోదు. "ఆడ నలుగురం ఉంటాం. నా డబ్బులు నా సేతిలో ఉంటాయి" అంటుంది.

అయితే ఏ ఉద్యోగమైనా ఖాళీ కంటే మేలేనా?

ఇక్కడ కొంచెం ఆగాలి. మేమంతా "ఏదో ఒకటి పట్టుకో ముందు" అనేవాళ్ళమే. ఆస్ట్రేలియాలో 2011లో వచ్చిన ఒక అధ్యయనం దీన్ని సూటిగా పరీక్షించింది. ఖాళీగా ఉండి మంచి ఉద్యోగంలోకి వెళ్ళినవాళ్ళ మానసిక ఆరోగ్యం బాగుపడింది. నాసి ఉద్యోగంలోకి వెళ్ళినవాళ్ళది, ఖాళీగానే ఉండిపోయినవాళ్ళ కంటే ఎక్కువగా దిగజారింది. నాసి ఉద్యోగమంటే జీతం తక్కువదని మాత్రమే అనుకోవద్దు. పని ఒత్తిడి విపరీతం, ఏదీ మన చేతిలో ఉండదు, రేపు ఉంటుందో ఊడుతుందో తెలియదు, చేసినదానికి తగ్గ డబ్బు రాదు. ఈ నాలుగూ చూశారు.

మా పెదనాన్న మనవడు ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద చేరాడు. నైట్ షిఫ్టు వారం, పగటి షిఫ్టు వారం. గేటు పాస్ కాంట్రాక్టరు పేరు మీద ఉంటుంది. ఏ రోజు పేరు పిలవరో తెలియదు. అంతకుముందు ఖాళీగా ఉన్నప్పుడు కనీసం వాలీబాల్ ఆడేవాడు. ఇప్పుడు ఆదివారం పడుకునే ఉంటాడు. ఇంట్లోవాళ్ళకి "మావాడు ఉద్యోగంలో ఉన్నాడు" అని చెప్పుకోవడానికి ఉంది. వాడికి ఏముందో వాణ్ణి అడగాలి.

అలాగని మంచిది దొరికేదాకా కూర్చోమని నా సలహా కాదు. చేరండి, కానీ నాలుగు విషయాలు అడిగి చేరండి: పీఎఫ్, ఈఎస్ఐ కడతారా, వారం సెలవుందా, జీతం ఏ తారీఖున పడుతుంది, పైన చెప్పుకోవడానికి ఒక మనిషి ఉన్నాడా. నాలుగోది చాలామంది అడగరు. తర్వాత అందరికీ అదే కావాల్సి వస్తుంది.

ప్రిపరేషన్‌లో ఉన్నాను. పార్ట్ టైమ్ చేస్తే చదువు పాడవదా?

వారానికి ఎనిమిది గంటలు. బ్రిటన్‌లో 2019లో వచ్చిన అధ్యయనంలో 70 వేల మందికి పైగా జనాన్ని చూసి చెప్పిన అంకె ఇది. ఉద్యోగం మనసుకి చేసే మేలు అందడానికి వారానికి ఎనిమిది గంటల జీతం పని చాలు, అంతకుమించి గంటలు పెరిగితే ఆ మేలు పెద్దగా పెరగదు. ఎనిమిది గంటలంటే రోజుకి గంటంబావు కూడా లేదు. స్టడీ హాల్లో ఫ్యాను కింద ఫోన్ చూసే టైమ్ దానికంటే ఎక్కువ. ట్యూషనో, మెడికల్ షాపులో సాయంత్రమో, ఫొటో స్టూడియోలో ఎడిటింగో, ఏదైనా పర్లేదు. డబ్బులు చేతికి రావాలి, ఎవరో ఒకరు మీ కోసం టైముకి ఎదురుచూడాలి.

డిగ్రీ చదివి ఉపాధి పనికి వెళ్తే పరువు పోదా?

ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మన రాష్ట్రంలోనే, అనంతపురం జిల్లాలో మొదలైంది. అప్పట్లో ఇంటికి ఏడాదికి వంద రోజులు. పేర్లూ రూల్సూ మారుతుంటాయి గాని, జనం నోట అది "ఉపాధి పని"యే. వేసవిలో మా చుట్టాల ఊళ్ళో చెరువు పనికి డిగ్రీ కుర్రాళ్ళు వస్తారు. మొదటి రోజు తలకి తువ్వాలు ముఖం కనపడకుండా చుట్టుకుంటారు. మూడో రోజుకి తువ్వాలు భుజం మీదికి వస్తుంది. అక్కడ ఆడవాళ్ళే ఎక్కువ, మాటలకీ ఎగతాళికీ కొదవ ఉండదు. మస్టర్‌లో పేరు పిలుస్తారు. పేరు పిలిపించుకోవడం చిన్న విషయం కాదని ఏడాదిపాటు ఎవరూ పిలవనివాడికి తెలుస్తుంది.

వలస వెళ్ళిపోతే బాగుపడతామా?

ఆమదాలవలస స్టేషన్‌లో పండగ మర్నాటి రైలు ఎక్కించినవాళ్ళెవరూ ఒక్క ముక్కలో జవాబు చెప్పలేరు. చెన్నై, హైదరాబాద్ వెళ్ళినవాడికి పని, జీతం, గుర్తింపు దొరుకుతాయి. ఇక్కడ "ఖాళీయేనా" అని అడిగేవాడు అక్కడ ఉండడు. తగ్గేది మనుషులు. మన తీరం మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి నెలల తరబడి బోట్ల మీద ఉంటారు. 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళు కొందరు పాకిస్తాన్ చేతికి చిక్కారు. 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర తిరిగొచ్చారు. ఆ ఏడాదికి పైగా కాలం వాళ్ళ ఇళ్ళలో అన్నం ఎలా దిగిందో ఊహించుకోండి. ఇన్ని జరిగినా సీజన్ రాగానే వెళ్తూనే ఉన్నారు. ఇక్కడ అంత డబ్బు వచ్చే పని లేదు, అది తెలిసే వెళ్తున్నారు.

వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. ఊరివాళ్ళు ఉన్న గదిలో దిగండి. మొదటి ఆర్నెల్లు అద్దె కాస్త ఎక్కువైనా పర్లేదు.

అగ్నివీర్ నాలుగేళ్ళే కదా, తర్వాత?

2022 నుంచి ఉన్న పద్ధతి ప్రకారం నాలుగేళ్ళ తర్వాత 25 శాతం దాకా కొనసాగిస్తారు, మిగతావాళ్ళు సేవానిధి డబ్బు, సుమారు 11.71 లక్షలు, తీసుకుని బయటికి వస్తారు. చీకటితో రోడ్ల మీద పరిగెత్తే మన కుర్రాళ్ళకి అది పెద్ద మొత్తమే. తిరిగొచ్చేసరికి వాడికి పాతికేళ్ళు అటూ ఇటూ ఉంటాయి. యూనిఫాం విప్పిన మర్నాడు మళ్ళీ "ఏటి సేస్తన్నావు?" ఉంటుంది. మూడో ఏడాదిలోనే డిగ్రీ ఓపెన్‌లో కట్టమని చెబుతున్నాను. ఇంతకంటే నాకు తెలిసిన కిటుకు లేదు.

ఉద్యోగం పోయినవాడికి ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా?

ఈఎస్ఐ కట్టినవాళ్ళకి (నెలకి 21,000 లోపు జీతం) 2018లో తెచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ఉంది. షరతులకి సరిపోతే 90 రోజుల దాకా సగటు జీతంలో సగం ఇస్తారు. గడువును విడతలుగా పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి ముందు ఈఎస్ఐ ఆఫీసులో అడిగి వెళ్ళండి. పీఎఫ్ కోసం ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో ఉద్యోగంలో ఉండగానే చూసుకోవాలి. ఊడాక చూసుకున్నవాళ్ళు మా సెంటర్‌కి పదిసార్లు తిరుగుతారు.

మూడు లక్షలు కడితే ఉద్యోగం వేయిస్తామంటున్నారు...

కట్టకండి.

మావాడు పదింటిదాకా లేవడు. ఇది బద్ధకమా, జబ్బా?

రెండింటికీ తేడా బయటినుంచి తేలిగ్గా తెలియదు. ఎన్నో అధ్యయనాలను కలిపి 2009లో లెక్క కట్టినప్పుడు, ఉద్యోగం ఉన్నవాళ్ళలో 16 శాతం మందికి మానసిక ఇబ్బందులుంటే, లేనివాళ్ళలో 34 శాతం మందికి ఉన్నట్టు తేలింది. అంటే రెట్టింపు పైన. "ముందే దిగులు మనిషి కాబట్టి ఉద్యోగం రాలేదేమో" అని కొందరంటారు. అదీ కొంత ఉంటుంది. ఉద్యోగం పోవడం వల్ల దిగజారడం మాత్రం అంతకంటే గట్టిగా రుజువైంది.

ఇవి చూడండి: రాత్రి నిద్ర లేకపోవడం, తిండి తగ్గడం, స్నేహితుల ఫోన్లు ఎత్తకపోవడం, ఇష్టమైన క్రికెట్ కూడా చూడకపోవడం, మందు మొదలవడం, "నేను మీకు బరువైపోయాను" అనడం. చివరి మాట వింటే ఆలస్యం చేయొద్దు, తిట్టొద్దు, ఒంటరిగా వదలొద్దు. టెలి మానస్ నంబరు 14416. డబ్బు అక్కర్లేదు, పగలూ రాత్రీ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. పిచ్చి ఆసుపత్రి అంటారేమో అనే భయం ఉంటే, నిద్ర పట్టడం లేదని చెప్పి తీసుకెళ్ళండి. నిద్ర పట్టనివాడికి నిద్ర పట్టడం లేదని చెప్పడం అబద్ధం కాదు.

ఇంట్లోవాళ్ళం ఏం చేయాలి?

పోలిక ఆపండి, ముందు అది. "పక్కింటి గుంటడికి బెంగుళూరులో వచ్చింది" అన్న మాట వాడికి మీకంటే ముందే తెలుసు. వాట్సాప్‌లో చూశాడు. ఇంట్లో వాడికి ఒక పని అప్పజెప్పండి, బతిమాలినట్టు కాకుండా, పూర్తిగా వాడికే వదిలేసినట్టు. మా అమ్మ నాన్నకి అలాగే చేసింది. అడ్డాకుల కట్టలు విజయనగరం షాపులకి వేసే పని నీదేనంది. కట్టలు మొయ్యాలి కాబట్టి నాన్న సైకిలుకి గాలి కొట్టుకున్నారు. అది సంక్రాంతి వెళ్ళిన వారానికి.

అప్లికేషన్‌లో "ఎంప్లాయ్‌మెంట్ స్టేటస్" అన్న గడిలో ఏం నింపాలి?

ఉన్నది నింపండి. "అన్‌ఎంప్లాయిడ్" అని పెడితే మార్కులు తగ్గవు, పోస్టు పోదు. అన్ని గడులూ గబగబా చెప్పే మనుషులు ఇక్కడికి వచ్చేసరికి ఆగుతారు. ముప్పై దాటినవాళ్ళు "స్టూడెంట్" పెట్టమంటారు. కొందరు "ఏదో ఒకటి మీరే పెట్టేయండి" అని అటు తిరుగుతారు.

మొన్న పొందూరు వైపు నుంచి ఒకతను వచ్చాడు, ముప్పై రెండేళ్ళు. గడి దగ్గర ఆగాడు. ఇంట్లో ఏం చేస్తుంటావని అడిగాను. అమ్మకి నూలు పనిలో సాయం చేస్తాడట, ఖాదీ సంఘానికి నూలు వేసి వచ్చేది కూడా తనేనట. "అయితే సర్కారు సర్వేవాళ్ళు వస్తే నిన్ను పనిలో ఉన్నట్టే రాసుకుంటారు" అని చెప్పాను. నమ్మలేదు. పీఎల్ఎఫ్ఎస్ నిర్వచనం తీసి చూపించాను. రెండుసార్లు చదివాడు. తర్వాత మౌస్ తనే తీసుకుని "సెల్ఫ్ ఎంప్లాయిడ్" మీద నొక్కి, ప్రింటు రెండు కాపీలు తీయమన్నాడు. ఒకటి వాళ్ళ నాన్నకి చూపించాలట.